ఎనిమిదో తరగతి నోటుబుక్కు చూశారా?

పదో తరగతి పరీక్షలు ఇంకా దూరంలో ఉండగానే ఇంటికి ఫోన్లు మొదలవుతాయి. "సార్, మీ బాబుకి మా కాలేజీ స్టార్ బ్యాచ్‌లో సీటుంది, నెలాఖరులోపు రిజర్వు చేసుకుంటే ఫీజులో తగ్గింపు" అంటారు పీఆర్వోలు. మన నంబరు వాళ్లకెలా దొరికిందో ఎవరూ చెప్పరు. ఆ తగ్గింపు గడువు మాత్రం ఏ నెలలో చేసినా ఆ నెలాఖరే. "ఇంట్లో మాట్లాడి చెప్తాం" అని ఆ ఫోను పెట్టేయండి. వచ్చే ఆదివారం తీరిక చేసుకుని, అటక మీదున్న పాత పుస్తకాల కట్ట కిందికి దించండి.

గ్రూపునీ కాలేజీనీ పదో తరగతి మార్కులు చూసి తేల్చేయడం మనకు అలవాటైపోయింది. కానీ పది అంటే ఏడాది పొడవునా స్లిప్ టెస్టులు, స్టడీ అవర్లు, ప్రీఫైనల్సు. ఆ మార్కుల్లో పిల్లవాడి సొంతం ఎంతో, బడి రుద్దుడు ఎంతో విడదీసి చెప్పడం టీచర్లకే కష్టం. ఆరు నుంచి తొమ్మిది దాకా అంత ఒత్తిడి ఉండదు, ఫౌండేషన్ బ్యాచీల బారిన పడని పిల్లలకైనా. అందుకే ఆ తరగతుల పుస్తకాల్లో పిల్లలు ఉన్నదున్నట్టు కనిపిస్తారు.

ఎనిమిదో తరగతి లెక్కల నోటుబుక్కు తీసి, ముందు పేజీలు వదిలేయండి. అక్కడ ఉండేవి సార్ బోర్డు మీద చేసినవే, క్లాసందరివీ ఒకటే. చివరి పేజీలు తిప్పండి. తెలిసినవాళ్ల అబ్బాయి పుస్తకంలో చూశాను: ఒకే వర్గమూలం లెక్కను మూడు దారుల్లో చేసి, రెండింటిని కొట్టేసి, మూడోదాని పక్కన తనకు తనే పెద్ద టిక్కు పెట్టుకున్నాడు. పదిలో వాడికి లెక్కల్లో వచ్చినవి ఓ మోస్తరు మార్కులే, స్టెప్పులు వదిలేస్తాడు కాబట్టి. అయినా ఎంపీసీలో నిలదొక్కుకునేది అలాంటివాడే. మార్కులు దండిగా వచ్చిన ఇంకో అమ్మాయి పుస్తకం వెనక లెక్కన్నదే లేదు. టమాటా ఏ వారం ఎంత పలికిందో, వాళ్ల నాన్న కొట్లో ఎంత మిగిలిందో వరసగా రాసుంది. ఆ పిల్లను ఎంఈసీలోనో సీఈసీలోనో చేర్చమంటే "ఇన్ని మార్కులొచ్చి సీఈసీ ఏంటండీ" అన్నాడు తండ్రి. ఇంటర్ తర్వాత సీఏ ఫౌండేషన్ రాసే దారి ఒకటుందని విన్నాక కాస్త మెత్తబడ్డాడు.

మన ఇళ్లలో గ్రూపుల పంపకం జరిగే తీరు మీకూ తెలిసిందే. లెక్కలొస్తే ఎంపీసీ, బొమ్మలు బాగా వేస్తే బైపీసీ, ఏదీ రాదనుకుంటే సీఈసీ. గుండె బొమ్మ అందంగా వేసిన పిల్లకు వైద్యం మీదే ఇష్టమని ఎలా అనుకుంటాం? ఇష్టం బొమ్మ మీద కావచ్చు కదా.

కాలేజీ సంగతికి వచ్చినా హైస్కూలు రోజులనే తిరగేయాలి. వేసవిలో అమ్మమ్మగారింట్లో పది రోజులు హాయిగా ఉన్నాడా, మూడో రోజే ఏడ్చి వచ్చేశాడా? అర్థం కాకపోతే క్లాసులో లేచి అడిగేవాడా, ఇంటికొచ్చి అక్కను అడిగేవాడా? కిక్కిరిసిన సెక్షన్‌లో, తెల్లవారుజామున లేపి రాత్రి పొద్దుపోయేదాకా కూర్చోబెట్టే చోట, నోరు తెరిచి అడగలేని పిల్ల వెనకబడిపోతుంది. అలాంటి పిల్లకు ఇంటి దగ్గరున్న మామూలు కాలేజీయే మేలని నా నమ్మకం, దాని గేటు మీద ర్యాంకుల ఫ్లెక్సీ లేకపోయినా సరే.

రెసిడెన్షియల్ అనే నిశ్చయించుకుంటే, ఆఫీసు గదిలో ఏసీ కింద కూర్చుని వచ్చేయకండి. మధ్యాహ్నం భోజనం వేళకు వెళ్లి మెస్సు చూడండి, బాత్రూములు చూడండి. ఔటింగ్ రోజున గేటు బయట సెకండియర్ పిల్లలు కనిపిస్తే, రాత్రి ఎన్నింటికి పడుకోనిస్తారని అడగండి. ఆ బిల్డింగుకు ఇంటర్ బోర్డు గుర్తింపు ఉందో లేదో, హాల్‌టికెట్ మీద ఏ కాలేజీ పేరు వస్తుందో చేరకముందే తెలుసుకోవాలి. పాఠం ఒకచోట, పేరు మరోచోట ఉన్న పిల్లలు పరీక్షల ముందు పడే అవస్థ చిన్నది కాదు.

"ఐపీఈ (ఇంటర్ పబ్లిక్ పరీక్ష) మేం చూసుకుంటాం, మీరు జేఈఈ గురించి ఆలోచించండి" అనే కాలేజీల మాటకు పడిపోకండి. జేఈఈ మెయిన్ ర్యాంకుతో ఎన్‌ఐటీలో చేరాలన్నా ఓపెన్, ఓబీసీ పిల్లలకు ఇంటర్‌లో 75 శాతం మార్కులైనా ఉండాలి, బోర్డులో టాప్ 20 పర్సంటైల్‌లోనైనా ఉండాలి. ఎస్సీ, ఎస్టీలకు ఆ హద్దు 65 శాతం. బోర్డు పరీక్షను చిన్నచూపు చూస్తే తీరా ర్యాంకు వచ్చాక చిక్కొచ్చి పడుతుంది.

ఇంటర్ ఒక్కటే దారి కాదన్నది కూడా ఇంట్లో ఒకసారి అనుకోవాలి. సైకిలు చైను, మిక్సీ మోటారు విప్పి బిగించే పిల్లవాడు పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా చేస్తే, తర్వాత ఈసెట్‌తో నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో 2008లో మొదలైన ట్రిపుల్ ఐటీలు పదో తరగతి మార్కుల మీదే పిల్లల్ని తీసుకుని ఆరేళ్లు చదివిస్తాయి. పల్లెటూళ్ల ప్రభుత్వ బడి పిల్లలను దృష్టిలో పెట్టుకుని పెట్టినవి అవి.

అప్పు చేసి చేరుస్తున్నట్టయితే ఆ అప్పు మాట రోజూ పిల్లల చెవిన వేయకండి. చేర్చాక దసరా సెలవులకు వచ్చినప్పుడు వీక్లీ టెస్టు మార్కులు తర్వాత అడగొచ్చు. ముందు పక్క మంచం కుర్రాడు ఎవరో, కూరల్లో ఏది తినబుద్ధి కాదో అడగండి, అసలు సంగతులు అక్కడి నుంచే బయటికొస్తాయి. అక్కడ ఇమడలేకపోతున్నాడని అప్పుడు తేలితే వెనక్కి తెచ్చుకునే వీలుండాలి. కాబట్టి డే స్కాలర్‌గా మారనిస్తారా, మధ్యలో మానేస్తే ఫీజులో ఎంత తిరిగిస్తారు, ఒరిజినల్ మెమో, టీసీ ఎన్ని రోజుల్లో చేతికిస్తారు అన్నవి ఫీజు కట్టకముందే అడిగి, కాగితం మీద రాయించుకోండి.