బీ షిఫ్టు మీద మబ్బు

చిత్త, స్వాతి కార్తెల్లో విశాఖలో పనంటే పొద్దున ఎండ, సాయంత్రం పిడుగు. నైరుతి వెనక్కి మళ్లుతుంటుంది, ఈశాన్యం ఇంకా కుదురుకోదు. మధ్యాహ్నం అరకు, పాడేరు కొండల మీద లేచిన మబ్బు పొద్దుగూకేసరికి తరచూ సింహాచలం కొండ దాటి ఊరి మీదికి దిగుతుంది. ఆ వేళకి ఉక్కు ఫ్యాక్టరీలోనూ రేవులోనూ ఉండేది మధ్యాహ్నం రెండింటికి ఎక్కిన బీ షిఫ్టు. పెద్ద ఆఫీసర్లు ఇళ్లకు వెళ్లిపోయి ఉంటారు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఊరిని ఊడ్చేసినప్పుడు కూడా రోజుల ముందే కబురు అందింది. ఉరుముల మబ్బు ఒక్కోసారి అరగంట కూడా ఇవ్వదు. కాబట్టి షిఫ్టు ఎక్కగానే తేల్చుకోవలసింది ఒక్కటే: ఈ పూట పని ఆపమనే మాట ఎవరిది? ఆ మనిషి పేరు, ఫోను నంబరు అందరికీ తెలిసి ఉండాలి. సూపర్‌వైజరు ఇంజనీరు వైపు, ఇంజనీరు కంట్రోల్ రూము వైపు చూస్తూ కూర్చుంటే ఎత్తు మీద బోల్టు బిగించే ఫిట్టరు ఎవరివైపు చూడాలి?

రేవులో పనిచేసేవాళ్ల నోట తరచూ వినిపించే మాట: ‘నంబరు ఎగరేయలేదు కదా, భయం లేదు.’ రేవులో ఎగరేసే ఒకటి నుంచి పదకొండు దాకా నంబర్లు వాయుగుండాల కోసం, తుఫాన్ల కోసం. సాయంత్రం కొండల మీద పుట్టి గంటలో కురిసిపోయే మబ్బుకి ఏ నంబరూ ఎగరదు. ఇంకో పొరపాటు, అయిదుకన్నా ఏడు పెద్ద ప్రమాదం అనుకోవడం. అయిదు, ఆరు, ఏడులో తుఫాను తీవ్రత ఒకటే. అది రేవుని ఏ పక్కన వదిలి పోతుందో, నేరుగా మీదికే వస్తుందో చెప్పడానికే ఆ మూడు అంకెలు. ఎనిమిది, తొమ్మిది, పదీ అంతే, కాకపోతే తీవ్ర తుఫానుకి. పదకొండు వచ్చిందంటే తుఫాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని.

పిడుగుల మబ్బుకి చూడవలసింది వాతావరణ శాఖ మూడేసి గంటలకి ఇచ్చే తక్షణ సూచన, ఫోనులో దామిని యాప్, విపత్తుల సంస్థ పంపే మెసేజి. వాటికంటే ముందు మీ చెవి. మెరుపు కనిపించాక ఉరుము వినబడేదాకా లెక్కపెట్టండి. మూడు సెకన్లకు సుమారు కిలోమీటరు. ముప్పై లోపే వినబడితే మబ్బు పది కిలోమీటర్లలోనే ఉంది, పని ఆపాల్సిందే. ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా మళ్లీ ఎక్కకూడదు. వాన వెలిసింది కదా అని ఎక్కొద్దు, పిడుగు అది చూసుకోదు.

క్రేన్ల సంగతి కాస్త చిక్కు. పైనుంచి దిగడానికే నిమిషాలు పడతాయి, పైగా చల్లటి ఈదురుగాలి వానకన్నా ముందే కొడుతుంది. అందుకని క్రేన్ డ్రైవర్‌కి కబురు అందరికన్నా ముందు వెళ్లాలి. బరువు దించి, పట్టాల మీది క్లాంపులు బిగించి, తర్వాతే దిగాలి. అప్పటికే నెత్తిన ఉరుముతుంటే నిచ్చెన పట్టుకోవద్దు. క్రేన్ కదలకుండా బిగించి ఉంటే, నాలుగు పక్కలా ఇనుప రేకు మూసిన క్యాబిన్‌లో తలుపు వేసుకుని లోహం తాకకుండా కూర్చోవడమే మేలు. కిందివాళ్లు ఖాళీ కంటైనర్ల వరసల పక్కన తలదాచుకోవద్దు. రెండు టన్నుల పైచిలుకు డబ్బా అయినా గాలికి అది పెద్ద తెరచాపే. పక్కలు తెరిచి ఉన్న రేకుల షెడ్డు తడవకుండా కాస్తుంది, పిడుగు నుంచి కాదు.

ఉక్కు ఫ్యాక్టరీలో మెరుపుకన్నా నీళ్లకు భయపడాలి. కరిగిన లోహం కింద చిక్కిన నీరు ఆవిరై సుమారు 1,600 రెట్లు ఉబ్బుతుంది, అంటే పేలుతుంది. రాత్రి వాన కురిస్తే తెల్లవారి ఎక్కే ‘ఏ’ షిఫ్టు వాళ్లు స్లాగ్ గుంటలో నీరు నిలిచిందా, స్క్రాప్ తడిసిందా, పైకప్పు ఎక్కడ కారుతోంది అని చూడకుండా లేడిల్ కదిలించకూడదు. ఉత్పత్తి లెక్కలు ఎంత తరుముతున్నా సరే.

ముంచుకొచ్చే ప్రమాదం గురించి మేనేజరుకీ, ఇన్‌స్పెక్టరుకీ చెప్పే హక్కు ఉక్కు ఫ్యాక్టరీ లాంటి ప్రమాదకర పరిశ్రమల కార్మికులకి 1987లోనే 41-హెచ్ సెక్షనుగా అప్పటి ఫ్యాక్టరీల చట్టంలో చేరింది. హక్కు ఉంది సరే, కాంట్రాక్టు కూలీ అసలు భయం పిడుగు కాదు, కోసేసే కూలి. వాన ఆపిన గంటలకు హాజరు ఎలా పడుతుందో పనిలో చేరేటప్పుడే అడిగి కాగితం మీద పెట్టించుకోండి. ఆపిన వేళ, మళ్లీ మొదలుపెట్టిన వేళ లాగ్ బుక్కులో రాయించండి.

ఎవరి మీదైనా పిడుగు పడితే ముట్టుకోవడానికి జంకకండి. ఒంట్లో కరెంటు మిగిలి ఉండదు. ఊపిరి ఆడకపోతే గుండె మీద నొక్కుతూనే 108కి ఫోను చేయించండి.

ఇక పది గంటలకి షిఫ్టు దిగి బండి మీద గాజువాక దాకా పోవాలి. రబ్బరు టైర్లు కాపాడతాయన్నది ఉత్తమాట. ఉరుములు ఆగేదాకా క్యాంటీన్‌లో కూర్చోండి, రేవు వాళ్లయితే జ్ఞానాపురం వైపు వంతెన కింద నీళ్లు నిలిచాయేమో ముందు ఎవరినైనా అడగండి. ఇంటికి పోయే దారిలో జరిగిన ప్రమాదానికి కూడా, పనితో దానికున్న సంబంధం రుజువైతే, ఈఎస్‌ఐ వర్తిస్తుంది. కాబట్టి గేటు దగ్గర బయటికి పంచ్ కొట్టడం మరవకండి. దెబ్బ తగిలితే మర్నాడే కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి.