కార్పొరేషన్ అప్పుకు మీ ఇంటి పన్నే పూచీ

‘కార్పొరేషన్ బాండ్లు అమ్మి అప్పు తెచ్చిందట కదా, రేపు తీర్చలేకపోతే మా ఇళ్ల మీదికి వస్తారా?’ ఆస్తి పన్ను గురించి సలహా అడిగేవాళ్లలో చాలామందికి ఈ భయం ఉంది. ముందు దానికే జవాబు చెప్తాను. రారు. బాండు కొన్నవాళ్లకు బాకీ పడింది కార్పొరేషన్. వాళ్ల హక్కు కార్పొరేషన్ ఆదాయం మీద ఉంటుంది తప్ప మీ ఇంటి మీద ఉండదు. మీ సొంత పన్ను మీరు కట్టకపోతే మాత్రం సంగతి వేరు. ఆ బకాయికి హైదరాబాదులో నెలకు 2 శాతం అపరాధ వడ్డీ పడుతుంది. ఆ తర్వాత వారెంటు ఇచ్చి సామాన్లు జప్తు చేసే అధికారం కూడా కార్పొరేషన్‌కు చట్టం ఇచ్చింది.

అయినా ఆ భయం పూర్తిగా తప్పు కాదు. ఆ అప్పుకూ మీ పన్నుకూ నేరుగా ముడి ఉంది.

హైదరాబాద్ మహానగర పాలక సంస్థ (జీహెచ్‌ఎంసీ) 2018 ఫిబ్రవరిలో 8.90 శాతం వడ్డీకి 200 కోట్లు, అదే ఏడు ఆగస్టులో 9.38 శాతానికి 195 కోట్లు, 2019 ఆగస్టులో 10.23 శాతానికి 100 కోట్ల రూపాయల బాండ్లు అమ్మింది. మొత్తం 495 కోట్లు. ఎస్ఆర్‌డీపీ పేరుతో నగరంలో తలపెట్టిన ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌ల కోసమే ఈ అప్పు చేసింది. విడత విడతకూ వడ్డీ రేటు ఎలా పెరిగిందో గమనించండి. అసలు మొత్తం బాకీ ఉన్నంతకాలం ఈ మూడింటికీ కలిపి ఏడాదికి 46 కోట్లకు పైగా వడ్డీయే కట్టాలి. మొదటి విడతకు కేంద్రం ప్రోత్సాహకంగా 26 కోట్లు ఇచ్చింది, నిజమే. కానీ అది ఒక్కసారి వచ్చే డబ్బు, వడ్డీ ఏటా కట్టాల్సిందే. విశాఖ కార్పొరేషన్ కూడా 2018లోనే 80 కోట్లు ఇలాగే సేకరించింది.

కార్పొరేషన్‌ను నమ్మి ఈ అప్పు ఇచ్చినవాళ్లు దేన్ని చూసి ఇచ్చారు? ప్రధానంగా ఆస్తి పన్నును చూసే. 2015లో స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ తెచ్చిన నిబంధనల ప్రకారం కార్పొరేషన్ తన ఆదాయంలో కొంత ప్రత్యేక ఎస్క్రో ఖాతాలో వేయాలి, బాండ్ల వడ్డీ, అసలు అందులోంచి చెల్లించాలి. ఆ ఖాతాలోకి వెళ్లే డబ్బులో మీరు ఏప్రిల్‌లో 5 శాతం రాయితీ కోసం ముందే కట్టిన పన్ను కూడా ఉంటుంది. వీధి దీపాలకూ మురుగు కాల్వలకూ ఖర్చు పెట్టకముందే బాండుదారుల వాటా పక్కన పెట్టేయాలి.

ఇందులో తప్పేమీ లేదు. రోడ్డు ముప్పై ఏళ్లు ఉంటుంది, దాని ఖరీదంతా ఒక్క ఏడాది పన్నులోంచే గుంజడం కంటే పదేళ్ల మీద పంచడం న్యాయం. నాకు అభ్యంతరం వేరే చోట ఉంది. బాండు కొన్న బ్యాంకుకు, బీమా కంపెనీకి కార్పొరేషన్ తన ఆదాయ వ్యయాలు, పాత అప్పులు, కోర్టు కేసులు, పన్ను వసూళ్ల శాతం అన్నీ పూసగుచ్చినట్టు రాసి ఇస్తుంది. రేటింగ్ సంస్థ ఏటా పరీక్షిస్తుంది. బాండుదారుల తరఫున ట్రస్టీ కాపలా ఉంటాడు. ఆ అప్పు తీర్చే ఇంటాయనకు మాత్రం దక్కేది ఒక బిల్లు కాగితం. ఈ తేడా ఇలాగే ఉండాలని చట్టమేమీ చెప్పలేదు. మీరు అడగడమే తక్కువ.

కాబట్టి బిల్లు దగ్గరే మొదలుపెట్టండి. హైదరాబాదులో ఇంటి పన్ను లెక్క ఆ ఇంటికి వచ్చే అద్దె అంచనా మీద నడుస్తుంది. ఇల్లున్న ప్రాంతం, కట్టడం రకం, వాడకం చూసి చదరపు అడుగుకు నెలకు ఇంత అని ఒక రేటు ఖాయం చేస్తారు. ఉదాహరణకు మీ ఫ్లాటు 1,000 చదరపు అడుగులు, రేటు రూపాయి అనుకుందాం. ఏడాది అద్దె విలువ 12,000. భవనం తరుగు కింద 10 శాతం తీసేస్తే 10,800. నెల అద్దె విలువ 300 రూపాయలు దాటిన ఇళ్లకు పన్ను 30 శాతం కాబట్టి 3,240. దాని మీద 8 శాతం గ్రంథాలయ సెస్సు కలిపితే దాదాపు 3,500. మీ బిల్లు ఈ లెక్కకు దగ్గరగా లేకపోతే సర్కిల్ ఆఫీసుకు వెళ్లి మీ ఇంటి అసెస్‌మెంట్ వివరాలు రాతపూర్వకంగా అడగండి. విస్తీర్ణం ఎక్కువ రాయడం, కింద చిన్న దుకాణం ఉందని ఇల్లంతా వాణిజ్యం కింద వేయడం, కట్టేసిన బకాయి మళ్లీ చూపించడం, ఈ మూడూ తరచూ కనిపించే పొరపాట్లు.

ఆంధ్రప్రదేశ్‌లో పద్ధతి మారింది. 2020లో చట్ట సవరణ చేసి, 2021 నుంచి అద్దె విలువ బదులు ఆస్తి మూలధన విలువ మీద పన్ను వేస్తున్నారు. ఇళ్లకు ఆ విలువలో 0.10 నుంచి 0.50 శాతం మధ్య, ఇళ్లు కానివాటికి 0.20 నుంచి 2 శాతం మధ్య రేటు ఉండాలి. విజయవాడ, విశాఖ, గుంటూరు వాసులు గుర్తుపెట్టుకోవాల్సిన రక్షణ ఒకటుంది. కొత్త పద్ధతిలో లెక్క ఎంత తేలినా ఒక ఏడాదిలో పెంపు అంతకుముందు కట్టిన పన్ను మీద 15 శాతం దాటకూడదు. పాత రసీదు పక్కన కొత్త నోటీసు పెట్టి చూసుకోండి. అదనపు గది కట్టకుండా, వాడకం మారకుండా 15 శాతం దాటితే అది అడగాల్సిన విషయమే. సొంతంగా నివసించే 375 చదరపు అడుగుల లోపు ఇంటికి ఏడాదికి 50 రూపాయల నామమాత్రపు పన్నే.

తెలంగాణలో జీహెచ్‌ఎంసీ బయట ఉన్న పట్టణాల వాళ్లకు ఒక హెచ్చరిక. 2019 మున్సిపల్ చట్టం ప్రకారం మీ ఇంటి వివరాలు మీరే ప్రకటించాలి. తగ్గించి రాసినట్టు తేలితే జరిమానా 25 రెట్లు. ‘మాకు తెలిసినాయన రాసిపెట్టాడు’ అంటే కుదరదు, సంతకం మీదే.

నోటీసు మీద అభ్యంతరం ఉంటే అందులో రాసిన గడువు లోపల కమిషనర్‌కు రివిజన్ పిటిషన్ పెట్టాలి. బిల్ కలెక్టర్‌తో నోటిమాటగా చెప్పినది అభ్యంతరం కిందికి రాదు. ఇన్‌వర్డ్‌లో ఇచ్చి, కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి. అక్కడ న్యాయం జరగకపోతే హైదరాబాదులో స్మాల్ కాజెస్ కోర్టులో అప్పీలు ఉంది. కానీ కమిషనర్ దగ్గర ఫిర్యాదు చేయకుండా, వివాదంలో ఉన్న పన్ను జమ చేయకుండా కోర్టు ఆ అప్పీలు వినదు. అందుకే ‘కేసు తేలేదాకా కట్టను’ అనే పట్టుదల నష్టమే తెస్తుంది. నిరసన తెలుపుతూ కడుతున్నానని రాసి కట్టండి.

పన్ను రసీదు గురించి ఇంకో మాట. అది మీ పేరున ఉన్నంత మాత్రాన ఇల్లు మీదని రుజువు కాదు. పేరు మార్పిడి (మ్యుటేషన్) నమోదులు పన్ను వసూలు కోసమే, వాటితో యాజమాన్య హక్కు రాదని సుప్రీంకోర్టు పలుసార్లు చెప్పింది. అక్రమ కట్టడానికి పన్ను వేసినంత మాత్రాన అది సక్రమం కూడా కాదు. రసీదు చూపించి ఇల్లు అమ్మజూపేవాళ్ల దగ్గర దస్తావేజులు అడగండి.

‘బాండ్ల వడ్డీ కట్టాలి కాబట్టి పన్ను పెంచాం’ అని ఎవరైనా అంటే? రాజ్యాంగం 265వ అధికరణం ప్రకారం చట్టం అనుమతి లేకుండా ఏ పన్నూ వేయకూడదు, వసూలు చేయకూడదు. మున్సిపాలిటీలు పన్ను వేయాలంటే 243ఎక్స్ కింద శాసనసభ చేసిన చట్టం అధికారం ఇవ్వాలి, అందులో చెప్పిన పద్ధతినీ హద్దులనూ పాటించాలి. అప్పు ఉండటం ఒక్కటే పెంపునకు చట్టబద్ధమైన కారణం కాదు.

ఇక అప్పు సంగతి. బాండ్లు స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదవుతాయి కాబట్టి కార్పొరేషన్ అక్కడ ఇచ్చిన ఖాతాలు, రేటింగ్ సంస్థ రాసిన కారణాలు ఎవరైనా చదవచ్చు. మదుపరి కోసం రాసిన ఆ కాగితాల్లో మీ వార్డు సభలో ఎవరూ చెప్పని నిజాలు దొరుకుతాయి. 2023 ఫిబ్రవరిలో ఇండోర్ నగరం సౌర విద్యుత్ కేంద్రం కోసం 244 కోట్ల బాండ్లను 8.25 శాతం వడ్డీకి మామూలు జనానికే నేరుగా అమ్మింది. మన దగ్గర అలాంటి అవకాశం వచ్చి, మీరు కొనాలనుకుంటే, రేటింగ్ చదవకుండా కొనొద్దు. ఇది బ్యాంకు డిపాజిట్ కాదు, దీనికి డిపాజిట్ బీమా ఉండదు.

కాగితాల్లో దొరకనిది సమాచార హక్కు చట్టం కింద అడగండి. దరఖాస్తుకు 10 రూపాయలు, దారిద్ర్యరేఖ దిగువ కుటుంబాలకు ఉచితం. ‘బాండ్ల వివరాలు ఇవ్వండి’ అని పొడిగా రాస్తే పొడి జవాబే వస్తుంది. ఏ బాండు డబ్బు ఏ పనికి ఎంత ఖర్చయింది, ఖర్చు కాని మొత్తం ఏ ఖాతాలో ఉంది, నిరుడు ఎస్క్రో ఖాతాకు ఎంత పన్ను వెళ్లింది, ఎంత వడ్డీ చెల్లించారు అని వరుసగా అడగండి. అన్నిటికంటే ముఖ్యంగా, అసలు తీర్చడానికి ఇప్పటివరకు ఎంత పక్కన పెట్టారో అడగండి. హైదరాబాదు మొదటి విడత పదేళ్ల గడువు 2028లో ముగుస్తుంది. 30 రోజుల్లో జవాబు రాకపోతే మరో 30 రోజుల లోపు అదే కార్యాలయంలోని అప్పీలు అధికారికి, అక్కడా తేలకపోతే 90 రోజుల లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు వెళ్లవచ్చు.