కోపం చేతిదాకా రాకముందే – తల్లిదండ్రులకు ఒక చిన్న పాఠం

పిల్లల పెంపకం ఎంత ఆనందమో అంత అలసట కూడా. రాత్రంతా ఏడ్చే పసిబిడ్డ, అన్నం ముద్ద బుగ్గన పెట్టుకుని గంటసేపు కూర్చునే మూడేళ్ల పాప, చదువుకోమంటే తలుపు వేసుకునే పదో తరగతి అబ్బాయి – ప్రతి ఇంట్లోనూ ఏదో ఒకటి ఉంటుంది. “కొట్టకూడదని తెలుసు డాక్టరు గారూ, కానీ ఆ క్షణంలో చెయ్యి ఆగడం లేదు” అని చెప్పుకునే తల్లిదండ్రుల కోసం ఈ పాఠం రాస్తున్నాము.

కోపం వస్తే శరీరంలో ఏమి జరుగుతుంది?

కోపం రాగానే అడ్రినలిన్ అనే హార్మోను రక్తంలోకి విడుదలవుతుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది, పిడికిళ్లు, దవడలు బిగుసుకుంటాయి, ఊపిరి పైపైన ఆడుతుంది. ఆ స్థితిలో ఆలోచన కంటే చెయ్యి ముందు లేస్తుంది. గుండెను “ఆగు” అనగానే ఆపలేము, కానీ ఊపిరిని మాత్రం మనమే నెమ్మది చేసుకోగలము. ఊపిరిని నిదానంగా, దీర్ఘంగా వదిలితే వేగస్ అనే నరం ద్వారా గుండె వేగం తగ్గుతుంది. రిలాక్సేషన్ పద్ధతులన్నిటికీ ఇదే పునాది.

హిప్నాటిజం అంటే వశీకరణమా?

కాదు. ఈ పేరును 1840 ప్రాంతంలో వాడుకలోకి తెచ్చినవారు స్కాట్లాండుకు చెందిన జేమ్స్ బ్రెయిడ్ అనే శస్త్రవైద్యుడు. గ్రీకు భాషలో నిద్ర అనే మాటనుండి ఈ పేరు వచ్చింది గాని, ఇది నిద్ర కాదు. మనసు ఒక్క విషయం మీద నిలిచి, శరీరం సడలి ఉండే స్థితి ఇది. చుట్టూ మాటలు వినబడుతూనే ఉంటాయి. ఇష్టం లేనప్పుడు కళ్లు తెరిచి లేచిపోవచ్చు. స్టేజి మీద చూసే వినోదం వేరు, వైద్యంలో వాడే పద్ధతి వేరు. సూది మందుకు భయపడే పిల్లలకు నొప్పి, భయం తగ్గించడానికి కూడా దీనిని వాడతారు.

అయితే ఒక మాట గుర్తుంచుకోండి. ఇది పిల్లవాడిని మన మాట వినేలా చేసే మందు కాదు. మనలను మనం అదుపులో ఉంచుకోవడానికి మాత్రమే.

రోజూ చేయవలసిన అభ్యాసం

పిల్లలు పడుకున్నాక 10 నుండి 15 నిమిషాలు చాలు. బిడ్డను ఎత్తుకుని ఉన్నప్పుడు, పొయ్యి దగ్గర, బండి నడుపుతూ చేయకూడదు.

1. కుర్చీలో ఆనుకుని కూర్చోండి. 4 లెక్కించేవరకు ఊపిరి పీల్చి, 6 లెక్కించేవరకు వదలండి. పదిసార్లు చేయండి.

2. పిడికిళ్లు 5 సెకన్లు బిగించి వదిలేయండి. అలాగే భుజాలు, దవడ, పొట్ట, కాళ్లు. బిగింపుకు, సడలింపుకు తేడా గమనించండి. అమెరికా వైద్యుడు ఎడ్మండ్ జేకబ్‌సన్ 1929లో పుస్తకంగా ప్రచురించిన పద్ధతికి ఇది చిన్న రూపం.

3. కళ్లు మూసుకుని 10 నుండి 1 వరకు నెమ్మదిగా లెక్కించండి.

4. మీకు రోజూ కోపం తెప్పించే సందర్భాన్ని ఊహించుకోండి. మనసులో ఇలా చెప్పుకోండి: “పాప మారాం చేస్తోంది. నా భుజాలు వదులవుతున్నాయి. నేను నెమ్మదిగా మాట్లాడుతున్నాను.” “కొట్టను” అనడం కంటే, ఏమి చేస్తారో చెప్పుకోవడం మేలు.

5. 1 నుండి 5 వరకు లెక్కించి కళ్లు తెరవండి.

ఒక్కరోజులో ఫలితం రాదు. కొన్ని వారాలు విడవకుండా చేస్తే, కోపం వచ్చినప్పుడు ఆ ఊపిరే గుర్తుకు వస్తుంది.

అప్పటికప్పుడు ఏమి చేయాలి?

రెండడుగులు వెనక్కి వేయండి. మూడు దీర్ఘ శ్వాసలు తీయండి. ముఖం కడుక్కోండి. ఇంట్లో ఎవరైనా ఉంటే “కాసేపు మీరు చూడండి” అని అడగడం తప్పు కాదు. నాన్నలూ, బిడ్డ బాధ్యత తల్లి ఒక్కదానిదే కాదు.

పసిబిడ్డల ఏడుపు రెండో వారంనుండి పెరిగి, 6–8 వారాలకు ఎక్కువై, 3–4 నెలలకు తగ్గుతుంది. పాలు తాగి, పొడిగా ఉండి, జ్వరం లేకపోయినా ఏడుస్తుంటే, మీ ఓపిక నశించినప్పుడు బిడ్డను క్షేమమైన చోట వెల్లకిలా పడుకోబెట్టి కొద్ది నిమిషాలు పక్కకు వెళ్లండి. ఎట్టి పరిస్థితిలోనూ బిడ్డను పట్టి ఊపకూడదు, కుదపకూడదు. మెదడులో రక్తస్రావమై చూపు పోవచ్చు, ప్రాణమే పోవచ్చు.

డాక్టరును ఎప్పుడు కలవాలి?

కాన్పు తర్వాత దిగులు, ఏడుపు రెండు వారాలు దాటితే తప్పక చూపించుకోండి. తనకో బిడ్డకో హాని చేయాలనే ఆలోచన వస్తే అదే రోజు, తల్లిని ఒంటరిగా వదలకుండా ఆసుపత్రికి తీసుకురండి. 2022లో ప్రారంభమైన టెలి మానస్ 14416 నంబరుకు పగలైనా రాత్రైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. లేనివి వినబడడం, కనబడడం వంటి మానసిక వ్యాధి ఉన్నవారు, మూర్ఛ ఉన్నవారు డాక్టరును అడగకుండా హిప్నాటిజం జోలికి పోవద్దు. ఆ చికిత్స కావాలంటే శిక్షణ పొందిన మానసిక వైద్యులను, క్లినికల్ సైకాలజిస్టులను మాత్రమే కలవండి. ఒక్క సిట్టింగులో అన్నీ నయం చేస్తామనే వారిని నమ్మకండి.

ఇంతా చేసినా ఒకరోజు గొంతు పెంచవచ్చు. అప్పుడు బిడ్డ పక్కన కూర్చుని “అమ్మ అలా అరవకూడదు, తప్పయింది నాన్నా” అని చెప్పండి. కోపం వచ్చినా సర్దుకోవచ్చని పిల్లలు నేర్చుకునేది అక్కడే.