చొక్కా గుండీ

ఒరేయ్ మేనల్లుడూ,

మిర్చి యార్డులో టిక్కీలు మోసి మోసి నీ మెడ పట్టేసిందని మీ అమ్మ ఫోన్ చేసింది. దానికి కంగారు పడలేదు గానీ, సెలూన్లో మెడ తిప్పించుకుని మెటికలు విరిపించుకున్నావని చెప్పేసరికి ఒళ్ళు మండింది. ఇంకోసారి ఎవడి చేతికీ మెడ అప్పగించకురా.

మెడలో 7 పూసలుంటాయి. మధ్యలోని డిస్కులు ఎండి పల్చబడి, పూసల అంచుల్లో ఎముక పెరగటాన్నే సర్వైకల్ స్పాండిలోసిస్ అంటారు. 60 దాటిన చాలామందికి ఎక్స్‌రేలో ఇది కనిపిస్తుంది, వాళ్ళలో చాలామందికి నొప్పే ఉండదు. అందుకని ఫిల్ము చూసి బెంబేలెత్తకు. నీది ఏ రకమో తేల్చుకో.

పొద్దున్నే మెడ బిగుసుకుని, నొప్పి భుజాలకీ తల వెనక్కీ పాకే రకమైతే బరువులు మోయటం తగ్గిస్తే సర్దుకుంటుంది. ఎక్కువమందిది అదే. చేతికి వెళ్ళే నరం నొక్కుకుంటే మాత్రం నొప్పి మెడలోంచి చేతిలోకి జివ్వున దిగుతుంది. బొటనవేలు తిమ్మిరెక్కితే సాధారణంగా మెడలోని ఆరో నరం, నడిమి వేలైతే ఏడోది. కొందరికి చెయ్యి నెత్తిన పెట్టుకుంటే హాయిగా ఉంటుంది. ఇదీ చాలామందికి కొన్ని వారాల్లోనో నెలల్లోనో కోత లేకుండానే తగ్గుతుంది.

నాది వేరు. నాకసలు నొప్పే లేదు. ఓ సంక్రాంతికి కొత్త చొక్కా తొడుక్కుంటే గుండీ కాజాలోకి పోలేదు. మీ అత్త నవ్వుతూ పెట్టింది. తర్వాత పత్తి చేను గట్టు మీద తూలుతుంటే తాగాననుకున్నారు. మెడ వంచితే వెన్నులో కరెంటు కొట్టేది. తైలాలు రాస్తూ ఏడాది పోగొట్టుకున్నా. లోపల నలుగుతున్నది వెన్నుపాము! ఆపరేషన్‌తో జబ్బు ముదరటం ఆగింది గానీ, పోయిన పట్టు పూర్తిగా రాలేదు.

అందుకే ఇవాళే గుప్పిట గబగబా మూసి తెరువు. 10 సెకన్లలో 20 సార్లన్నా రావాలి. అది తగ్గినా, చేతిలో బలం సడలినా, నడక తేడా వచ్చినా, మూత్రం అదుపు తప్పినా వెంటనే పెద్దాసుపత్రిలో న్యూరో డాక్టరుకు చూపించు. మే నెలలో యార్డు సెలవులప్పుడు చూసుకుందాంలే అనకు. ఏమీ లేకపోతే ఓ పది రోజులు టిక్కీ ముట్టకు, మేస్త్రికి నేను చెబుతా.

ఎవరిచేతనన్నా రాయించమంది మీ అత్త. నేనే రాశా. అక్షరాలు వంకరపోయాయి, ఓపిగ్గా చదువుకో.

మీ మామయ్య