జటాయువు కథలో ఒక సైన్సు పాఠం

శ్రీరామనవమికి మన గుడిలో పిల్లలు కూచిపూడి ఆడితే చూసి మురిసిపోతాం. ఆ నాట్యంతోనే వాళ్ళకు ప్రకృతి గురించి ఒక పాఠం చెప్పవచ్చు. అందుకు జటాయువు కథ చక్కగా సరిపోతుంది.

సీతమ్మ కోసం రావణుడితో పోరాడి, రెక్కలు తెగి నేలకూలిన పక్షి జటాయువు. రాములవారే ఆయనకు దహన సంస్కారం చేశారు. “లే, పక్షీ” అన్న రాముడి మాట వల్లే లేపాక్షికి ఆ పేరు వచ్చిందని స్థలపురాణం. మన పెద్దలు జటాయువు జాతిగా చెప్పుకునే రాబందులు మన కాలంలోనే దాదాపు కనుమరుగయ్యాయి. 1992, 2007 మధ్య భారతదేశంలో తెల్లవీపు రాబందులు 99.9 శాతం తగ్గిపోయాయి.

కారణం ఏమిటి? మా డాక్టర్లు కీళ్ళనొప్పులకు రాసే డైక్లోఫెనాక్ మందేనని 2004లో తేలింది. నొప్పితో ఉన్న పశువులకు కూడా ఆ మందు ఇచ్చేవారు. ఆ పశువు చనిపోతే మందు కళేబరంలో మిగిలేది. అది తిన్న రాబందుకు మూత్రపిండాలు చెడిపోయి, యూరిక్ ఆమ్లం లోపలి అవయవాల మీద సున్నంలా పేరుకుని, కొద్ది రోజుల్లోనే ప్రాణం పోయేది. కళేబరాలు తినే రాబందులు లేకపోయేసరికి వీధికుక్కలు పెరిగాయి. వాటితోపాటు రేబిస్ ముప్పూ పెరిగింది.

పశువులకు డైక్లోఫెనాక్ వాడకాన్ని భారత ప్రభుత్వం 2006లో నిషేధించింది. రాబందులకు హాని చేయని మెలాక్సికామ్ దాని బదులు ఉంది. అయినా మనుషుల కోసం అమ్మే పెద్ద సీసాలు పశువులకు వాడుతున్నారని, 2015లో ఇంజెక్షన్ సీసా 3 మిల్లీలీటర్లకు మించకూడదని నియమం పెట్టారు.

దీన్ని ఆడి చూపడానికి అభినయ దర్పణంలోని మూడు హస్తాలు చాలు. రెండు అర్ధచంద్ర హస్తాల బొటనవేళ్ళు పెనవేస్తే గరుడ హస్తం. అదే ఎగిరే రాబందు. అరాళ హస్తం విషపానానికీ అమృతపానానికీ కూడా చెల్లుతుంది. ఒకే మందు పశువుకు ఉపశమనం, రాబందుకు మృత్యువు అని చెప్పడానికి ఇంతకన్నా తగిన హస్తం ఏముంది? పతాక హస్తం అడవిని చూపుతుంది, వద్దని వారిస్తుంది కూడా. మొదట అడవిని చూపిన చేయే చివర “ఈ మందు పశువులకు వద్దు” అంటుంది.

ఒక్క జాగ్రత్త. రైతును రావణుడిగా చూపించకండి. ఆయన పశువు మీద జాలితోనే మందు వేయించాడు. తెలియక జరిగిన కీడు, తెలిశాక ఆపవచ్చు అన్నదే పిల్లలకు అందాల్సిన పాఠం.

నాట్యానికి ముందు ఒక పిల్లో పిల్లాడో రెండు నిమిషాలు విషయం చెబితే చూసేవారికి సులువుగా అర్థమవుతుంది. ఈ వారం ఊరికి ఫోన్ చేసినప్పుడు, “తాతయ్యా, రాబందును ఆఖరుసారి ఎప్పుడు చూశారు?” అని మీ పిల్లల చేత అడిగించండి. వచ్చే జవాబుతోనే పాఠం మొదలుపెట్టవచ్చు.