గుంటూరు చరిత్రకారుడు ఫ్రైకెన్‌బర్గ్

ఆక్స్‌ఫర్డులోని క్లారెండన్ ముద్రణాలయం 1965లో గుంటూరు జిల్లాపై ఒక చరిత్ర గ్రంథాన్ని ప్రకటించింది. 1788 మొదలు 1848 వరకు గల అరవై సంవత్సరాల పరిపాలన అందులోని వస్తువు. రచయిత రాబర్ట్ ఎరిక్ ఫ్రైకెన్‌బర్గ్ అమెరికా దేశీయుడు, 1930లో జన్మించాడు. మిషనరీ దంపతుల కుమారుడైనందున ఆయన బాల్యం దక్షిణ భారతదేశంలో గడిచింది. లండన్ విశ్వవిద్యాలయంలో ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయన సంస్థ నుండి 1961లో డాక్టరేటు పొంది, మరుసటి సంవత్సరం విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యకత్వం ప్రారంభించాడు.

ఒక సామ్రాజ్యాన్ని తెలిసికొనడానికి రాజధానిని విడిచి ఒక జిల్లా కచేరీలో కూర్చోవడమెందుకని విద్యార్థులు అడుగవచ్చు. ఆయన గ్రంథమంతా ఈ ప్రశ్నకు సమాధానమే.

గుంటూరు సర్కారు నిజాం అలీఖాన్ సోదరుడైన బసాలత్ జంగ్‌కు జాగీరుగా ఉండేది. ఆయన 1782లో మరణించగా 1788లో అది ఈస్టిండియా కంపెనీ వశమైనది. (ఒంగోలు ప్రాంతపు విద్యార్థులు గమనింపవలెను, ఒంగోలు ఆనాడు నెల్లూరు జిల్లాలోనిది, 1904లో గాని గుంటూరులో చేరలేదు.) 1802లో శాశ్వత శిస్తు విధానం వచ్చి, వాసిరెడ్డి, మల్రాజు మొదలైన వంశాల జమీందారులు కంపెనీకి పేష్కషు చెల్లించవలసిన వారైనారు. కాలక్రమాన బకాయిలు పెరిగి జమీందారీలు జప్తులోకి వచ్చాయి. అప్పుడు గ్రామాల లెక్క సరాసరి కలెక్టరు కచేరీకి చేరవలసివచ్చింది. అసలు కథ ఇక్కడ మొదలవుతుంది.

కలెక్టర్లు వస్తూ పోతూ ఉండేవారు. శిరస్తాదారు మొదలైన హుజూరు ఉద్యోగులు మాత్రం స్థిరంగా ఉండేవారు. వీరిలో ముఖ్యులు పరస్పరం బంధుత్వం గల మహారాష్ట్ర దేశస్థ బ్రాహ్మణ కుటుంబాలవారు. వారికి దిగువన గ్రామంలో కరణం ఉండేవాడు. ఊరిలో ఎంత నేల సాగయినదో, పంట ఎంత పండినదో, ఎవరు ఎంత చెల్లించారో ఆయన కవిలె కట్టకు తప్ప మరెవరికీ తెలియదు. ఉదాహరణకు, ఒక ఊరిలో నూరు కుచ్చెళ్ళు సాగయితే ఎనభై అని వ్రాసి, ఆ ఎనభైలో కూడ పంట చెడిందని వజా కోరారనుకొందాం. కరణం వ్రాసినదానిని తహసీలు కచేరీ ఒప్పుకొంటుంది. దానిని శిరస్తాదారు సమర్థిస్తాడు. కలెక్టరు సంతకం చేస్తాడు. మిగిలిన సొమ్ము మెట్టుమెట్టునా పంపకమై పోతుంది. ఎక్కడా తిరుగుబాటు లేదు, ధిక్కారం లేదు. మద్రాసు ఉత్తరువుకు గుంటూరులో వంగి సలాము చేసేవారే గాని కాదనేవారు లేరు. ఆ ఉత్తరువు ఊరి పొలిమేర మాత్రం దాటలేదు.

స్పానిష్ సామ్రాజ్యంలోనూ ఇటువంటి స్థితే కనిపిస్తుంది. రాజాజ్ఞను శిరసావహిస్తాను గాని అమలు జరుపను అనే సూత్రం అక్కడి అధికారుల నోట సుప్రసిద్ధమైనది. ఆ సామ్రాజ్యపు పత్రాలను సంపుటాలుగా ప్రకటించిన జర్మన్ చరిత్రకారుడు రిచర్డ్ కోనెత్స్కే వంటివారి కృషికి ఫ్రైకెన్‌బర్గ్ కృషి దూరపు చుట్టమనవచ్చును. మన మిరపకాయ పుట్టినిల్లు కూడ ఆ అమెరికా ఖండమే కదా!

1832–33లో నందననామ సంవత్సరపు కరువు వచ్చింది. సుమారు ఐదు లక్షల జనాభా గల జిల్లాలో రెండు లక్షలమంది మరణించారని 1883 నాటి కృష్ణా జిల్లా మాన్యువలులో గార్డన్ మెకంజీ వ్రాశాడు. ఆ తరువాత ఎన్నో ఏండ్లు శిస్తు కోలుకొనలేదు. 1845లో విచారణకై వచ్చిన సర్ వాల్టర్ ఎలియట్ కచేరీ గుట్టును బయట పెట్టాడు. అమరావతి స్తూపం వద్ద త్రవ్వించి శిల్పాలను మద్రాసుకు తరలించినవాడు కూడ ఈయనే.

ఇక్కడ ఒక సందేహం చెప్పక తప్పదు. ఫ్రైకెన్‌బర్గ్ ముఖ్యంగా ఆధారపడినది కంపెనీవారి కాగితాల మీద. ఉద్యోగుల మోసం నిజమే కావచ్చు. కాని శిస్తు తగ్గినందుకు నష్టపోయినవాడే ఆ మోసాన్ని లెక్క కట్టినాడని మరువరాదు. కంపెనీ కోరిన శిస్తే న్యాయమైనదా? దాచిన సొమ్ములో పిడికెడైనా రైతు గాదెకు చేరినదా? కరువులో ఊరు విడిచిన మగ్గపువాని మాట ఏ దస్తావేజులో ఉన్నది? ఈ ప్రశ్నలకు ఆ గ్రంథంలో దొరికే సమాధానం స్వల్పం. దోషాన్ని కచేరీ గుమాస్తాలపై పెట్టుట ప్రభుత్వానికి సుకరమైన పని.

అటు తరువాత ఆయన భూమి హక్కులపై 1969లోను, 1977లోను వ్యాస సంపుటాలకు సంపాదకత్వం వహించాడు. 1986లో ఢిల్లీ నగర చరిత్రపై మరొక సంపుటం వెలువడింది. 2008లో భారతదేశ క్రైస్తవ చరిత్ర ప్రకటించాడు. వీటన్నిటిలో నాకు గుంటూరు గ్రంథమే మిన్నగా తోస్తుంది.

ఆనాటి కచేరీలో భాష ఒకటి కాదు. సనదులు ఫార్సీలో ఉండేవి. హుజూరు లెక్కలు మోడి లిపిలో మరాఠీలో సాగేవి. కరణం వ్రాత తెలుగు. దొరవారి ఉత్తరం ఇంగ్లీషు. జమాబందీ, కిస్తు, వజా, తహసీలు, దస్తావేజు అనే మాటలు ఈ విధంగానే తెలుగు రైతు నోటికి వచ్చాయి. ఉర్దూ చదివిన మన విద్యార్థికి ఇవి ఇంటి మాటలు. తెలుగు చదివిన విద్యార్థికి ఊరి మాటలు. ఒక్క భాషతో ఆ కట్టలు విప్పబోయినవానికి సగం కాగితమే కనిపిస్తుంది. మన ప్రాంతపు పాత ఇండ్లలో ఇనాము కాగితాలు, శిస్తు రసీదులు చెదలకు ఆహారమవుతున్నాయి. వాటిపై క్రీస్తు శకం ఉండదు, ఫసలీ సంవత్సరం ఉంటుంది. ఫసలీ సంఖ్యకు 590 కలిపితే ఆ ఫసలీ ప్రారంభమైన క్రీస్తు శక సంవత్సరం వస్తుంది. 1242 అని ఉన్న కాగితం ఎవరి ఇంటనైనా దొరికితే అది నందన కరువు నాటిది.