పుదుచ్చేరి ఎండకు ఏ పెద్ద ఫోన్ మేలు?

2023 సెప్టెంబరులో వచ్చిన ఐఫోన్ 15 ప్రో మ్యాక్స్ తెర 6.7 అంగుళాలు, బరువు 221 గ్రాములు. 2024 జనవరిలో వచ్చిన గెలాక్సీ ఎస్24 అల్ట్రాకు 6.8 అంగుళాల తెర, 232 గ్రాముల బరువు. రోజువారీ వాడకంలో చేతికి ముందుగా తెలిసేది వెడల్పు: అల్ట్రాది 79 మిల్లీమీటర్లు, ఐఫోన్‌ది 76.7. ఒంటిచేత్తో టైపు చేసేవారికి ఐఫోనే సుఖం.

పుదుచ్చేరి బీచ్ రోడ్డులో ఎండెక్కాక మాత్రం అల్ట్రాదే పైచేయి. దాని గాజు వెలుగు ప్రతిబింబాన్ని బాగా తగ్గిస్తుంది కాబట్టి, మ్యాపు చూడాలంటే తెరకు చేయి అడ్డం పెట్టుకునే అవసరం తక్కువ. రెండింటికీ నీటి నుంచి, దుమ్ము నుంచి ఐపీ68 రక్షణ ఉంది, కానీ నీటి రక్షణను పరీక్షించేది మంచినీటిలో. సముద్రపు నీరు పడితే వెంటనే మంచినీటితో కడిగి, పూర్తిగా ఆరాకే చార్జింగ్ పెట్టాలి.